లోపలికి జరగని కోళ్ళు

ఉద్యోగం నుంచి దిగిపోయి ఏడాది దాటినా వీధిలో అందరూ ఆయన్ని కండక్టరుగారనే పిలుస్తారు. మనిషి రిటైరయ్యాడు గానీ పిలుపు రిటైరవలేదు. ఇంట్లో భార్య మాత్రం ‘ఏమండీ’ అంటుంది. ఆ ఒక్క మాటతో పిలవడం, మందలించడం, దెప్పడం, మొహం మీద తలుపు వెయ్యడం అన్నీ చెయ్యగలదావిడ.

బస్సులో ఆయన చేసిన పని చెప్పుకుంటే చిన్నదే. పట్టనిచోట మనుషుల్ని పట్టించడం. ఈగ దూరే సందు లేకపోయినా “లోపలికి జరగండి, లోపలంతా ఖాళీయే” అనేవాడు. ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. అయినా జరిగేవాళ్ళు. అబద్ధానికి అంత విధేయత దొరికే ఉద్యోగం ఇంకొకటి ఉందో లేదో తెలియదు. అందుకే కాబోలు, తాను గట్టిగా చెబితే లోకంలో ఏదైనా జరిగి తీరుతుందన్న నమ్మకం ఆయనకు ఎముకల్లో పట్టేసింది.

ఆ నమ్మకంతోనే ఇంట్లో కూర్చున్నాడు. ముందుగదిలో, పక్కనున్న పెరటివైపు కిటికీ దగ్గర, భార్య కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలూ, పెద్దవాళ్ళ చొక్కాలూ కుడుతుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళను ఆయన గుమ్మంలోనే ఆపి, వరసలో నిలబెట్టడం మొదలుపెట్టాడు. ముందు దిగేవాళ్ళను దిగనివ్వాలి, తరవాతే ఎక్కేవాళ్ళు ఎక్కాలి అని వాళ్ళకు నేర్పాడు. ఎక్కడికి ఎక్కాలో వాళ్ళకు అర్థం కాలేదు. అది చాలదన్నట్టు వంటింట్లోకి వెళ్ళి, అలమరలో గిన్నెల్ని వెనక్కి తోసి, “చూశావా, ఎంత ఖాళీ వచ్చిందో” అన్నాడు. ఆ వెనక్కి తోసిన గిన్నెల్లో ఒకటి అవతలి పక్క నుంచి కిందపడి సొట్టపోయింది.

ఆ సొట్టగిన్నె చేత్తో పట్టుకునే భార్య తీర్పు చెప్పింది.

“మీకు అజమాయిషీ చెయ్యడానికి ఎవరో ఒకరు కావాలి. నా వల్ల కాదు. పెరట్లో బోలెడు చోటుంది. కోళ్ళను పెంచుకోండి. అవైతే ఎదురు చెప్పవు.”

పాపం, ఆవిడకు కోళ్ళ సంగతి తెలియదు.

కండక్టరుకు ఆ ఆలోచన నచ్చింది. నచ్చిన మరుక్షణం అది తన ఆలోచనే అయిపోయింది. కోళ్ళగూళ్ళు బజారులో తయారుగా దొరుకుతాయి, జాలీ, తలుపు అన్నీ బిగించి ఇస్తారు. ఆ మాట ఎవరో అంటే ఆయన నవ్వాడు. అన్నేళ్ళు అంత పెద్ద బస్సును నడిపించినవాడికి కోళ్ళగూడు ఒక లెక్కా అన్నాడు. బస్సును నడిపింది నిజానికి డ్రైవరు. కానీ ఆ రోజుల్లో డ్రైవరు ఊసు ఆ ఇంట్లో ఎత్తకూడదు.

ఆ డ్రైవరు ఉండేది వెనక వీధిలోనే. ఇద్దరూ ఉద్యోగంలో ఎక్కువ కాలం ఒకే బస్సు మీద గడిపారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నది తక్కువ. ఆయన వీపు ఈయనకు తెలుసు, ఈయన గొంతు ఆయనకు తెలుసు. చాలా కాపురాలకన్నా సవ్యంగా సాగిన ఆ స్నేహం కండక్టరు ఉద్యోగానికి ఆఖరి రోజు, ఆఖరి ట్రిప్పులో చెడింది. ఒక స్టాపులో ఎవరో పెద్దమనిషి మంచం పరుపును బస్సులో పెట్టుకుంటానన్నాడు. కండక్టరు కిందికి దిగి, ఆ పరుపు మనిషా సామానా అన్న విషయం తేలుస్తూ ఉండగా, లోపల ఎవడో ఆకతాయి “రైట్ రైట్” అన్నాడు. బస్సు కదిలిపోయింది. పరుపు, పెద్దమనిషి, కండక్టరు రోడ్డు మీద మిగిలారు. భుజాన సంచీ ఎగురుతుండగా ఆయన కొంతదూరం పరిగెత్తి, తరవాత ఒక పాలవ్యాను ఎక్కి డిపోకు చేరాడు. అప్పటికే వీడ్కోలు సభ సగం అయిపోయింది. ఆయన గురించి చెప్పాల్సిన మంచిమాటలన్నీ ఆయన లేకుండానే చెప్పేశారు.

“నా గొంతు నీకు తెలీదట్రా?” అని అడిగాడు కండక్టరు.

“నీ గొంతులాగే ఉంది” అన్నాడు డ్రైవరు.

అంతే. ఆ తరవాత ఇద్దరి మధ్యా మాటల్లేవు.

గూడు కట్టే పనిలో డ్రైవరు చెయ్యి ఉండి ఉంటే బాగుండేదని మిగతా లోకానికంతా తెలుసు. ఆయన స్పానరు పట్టుకుంటే తుప్పుపట్టిన నట్టు కూడా భయభక్తులతో తిరుగుతుంది. రోజూ స్కూటరు మీద ఈ ఇంటి ముందు నుంచే పోతూ, సుత్తి చప్పుడు వినబడగానే కాస్త నెమ్మది చేసేవాడు. అది గమనించి కండక్టరు సుత్తిని ఇంకాస్త గట్టిగా వేసేవాడు. అలా వేసిన దెబ్బల్లో సగం మేకుకు తగిలేవి. మిగతా సగం ఎక్కడ తగిలాయో ఆయన బొటనవేలికి కట్టిన గుడ్డ చెప్పేది.

గూటికి ఒళ్ళు ఒక పాత చెక్క బీరువా. దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, అడుగుపక్క పలకలు పీకి, అక్కడ తలుపు పెట్టాడు. పాత ఇనుపసామాను కొట్టుకు పోయి, తుక్కు చేసిన బస్సు కిటికీ చట్రాలు, పైకప్పు రేకు తెచ్చాడు. వాటితోపాటు ఒక ఫుట్‌బోర్డు కూడా తెచ్చాడు. కోళ్ళగూటికి ఫుట్‌బోర్డు ఎందుకండీ అని భార్య అడిగితే, ఎక్కడానికి అన్నాడు. కోళ్ళకు రెక్కలున్నాయి కదా అంది. క్రమశిక్షణ ఉండాలి కదా అన్నాడు.

కొలతలన్నీ చూపుకొలతలే. అన్నీ బిగించి వెనక్కి జరిగి చూస్తే గూడు ఒకపక్కకు ఒరిగి ఉంది, మలుపు తిరుగుతున్న బస్సులా. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, గూడు తిన్నగానే ఉందనీ, పెరడే వంకరగా ఉందనీ తేల్చాడాయన. ఒరిగిన పక్క కింద ఒక ఇటుక పెట్టాడు. అప్పుడది రెండో పక్కకు ఒరిగింది.

కోళ్ళు సంత నుంచి వచ్చాయి. అమ్మినవాడు అన్నీ పెట్టలే అని ఒట్టు వేసి మరీ ఇచ్చాడు. కండక్టరు వాటికి పేర్లు పెట్టాడు. ప్రతిదాన్నీ పొడిచి పరీక్షించేది ఇన్‌స్పెక్టరు. లావుగా, ఎప్పుడూ ముందు కూర్చోవాలనుకునేది పెద్దావిడ. కాళ్ళ మధ్య తిరిగే చిన్నది చిల్లర. నాలుగోది ఎక్కడికీ పోకుండా తలుపు దగ్గరే నిలబడుతుంది కాబట్టి దాని పేరు ఫుట్‌బోర్డు.

మొదటి సాయంకాలం ఆయన స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని గూటి పక్కన నిలబడ్డాడు.

“పదండి, లోపలికి జరగండి, లోపలంతా ఖాళీయే.”

జీవితంలో మొదటిసారి నిజమే చెప్పాడు. లోపల నిజంగానే ఖాళీ. కోళ్ళు ఒక్కటి కూడా నమ్మలేదు. ఫుట్‌బోర్డు ఎత్తు చూసి తల పక్కకు వాల్చాయి, కాసేపు మట్టి గీరాయి, తరవాత తాపీగా ఎగిరి పోయి పెద్దావిడ పెరట్లో ఉన్న ఆయన స్కూటరు సీటు మీద, ఇన్‌స్పెక్టరు హ్యాండిల్ మీద, మిగతావి ప్రహరీగోడ మీద పడుకున్నాయి. ఆయన ఒకదాన్ని పట్టుకుని లోపల పెట్టి, రెండోదాన్ని తెచ్చేలోపల మొదటిది బయటికి వచ్చేది. భార్య కిటికీలోంచి చూస్తూ సూదిలో దారం ఎక్కిస్తోంది.

“స్టాపు కాని చోట దిగిపోతున్నాయేమో కనుక్కోండి” అంది.

ఇలా రోజూ సాయంకాలం జరిగింది. గింజలు చల్లి పిలిచాడు, గింజలు తిని వెళ్ళిపోయాయి. నూకలు గూటి లోపల పోశాడు, పిచ్చుకలు వచ్చి తిన్నాయి. మొత్తానికి ఆ గూటిలో పిచ్చుకలు సుఖంగా ఉన్నాయి.

ఇంతలో ఫుట్‌బోర్డు అనే కోడికి తల మీద ఎర్రటి జుట్టు పెరిగింది. తోకలో పొడుగు ఈకలు వంపు తిరిగాయి. ఒక తెల్లవారుజామున అది గోడెక్కి మెడ సాచి, సగం కూత కూసి ఆగింది.

గోడ అవతలి ఇల్లు వకీలుది. రాత్రంతా కాగితాలు చదివి తెల్లవారుజామునే కునుకు తీసే మనిషి. ఆయన పడకగది కిటికీ సరిగ్గా ఆ గోడకే ఉంది. పొద్దున్నే గోడ దగ్గరికి వచ్చాడు. గొంతెత్తి మాట్లాడడం ఆయనకు అలవాటు లేదు. మెల్లగా, ఒక్కో మాటకూ ఒక్కో కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టు మాట్లాడతాడు.

“కండక్టరుగారూ, మీ దగ్గర ఒక పుంజు ఉన్నట్టు నా దృష్టికి వచ్చింది.”

“పుంజు లేదండీ. అన్నీ పెట్టలే.”

“అయితే తెల్లవారుజామున కూసింది ఎవరు?”

“కూత కాదండీ అది. దగ్గు. చలిగాలి తగిలింది దానికి.”

ఆ దగ్గు రోజురోజుకూ బాగుపడింది. వారం తిరిగేసరికి వీధి చివరిదాకా వినబడే ఆరోగ్యం దానికి వచ్చింది. వకీలు మళ్ళీ గోడ దగ్గరికి వచ్చాడు. ఈసారి కండక్టరు కూడా తగ్గలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

“కోడిగుడ్డుకు ఈకలు పీకుతారేంటి సార్? మా పెరట్లో చప్పుడు మా ఇష్టం. ఇటువైపు నుంచి ఏం వినబడ్డా విననట్టే ఉండండి. ఎవరైనా గొంతు చించుకుని అరిచినా సరే, మీకు సంబంధం లేదు.”

వకీలు ఆ మాటను శ్రద్ధగా విన్నాడు. “మీరు అన్నది ఇదే కదా” అని మరోసారి చెప్పించుకున్నాడు కూడా. తల ఊపి లోపలికి వెళ్ళిపోయాడు. కండక్టరు ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఆ విజయం ఎక్కువ కాలం నిలవలేదు. ఒక పొద్దున గోడ మీద ఉండాల్సిన చిల్లర లేదు. గోడ కింద కొన్ని చిన్న ఈకలు, మట్టిలో ఏదో ఈడ్చుకుపోయిన జాడ కనిపించాయి. ముంగిసో, గండుపిల్లో. ఆయన ఆ ఈకలు ఏరి చొక్కా జేబులో వేసుకున్నాడు. పొద్దున తలుపు తీయగానే కాళ్ళకు అడ్డం పడేది ఆ చిన్నదే. ఉద్యోగం పోయాక ఆయన్ని చూసి ఎవరైనా పరిగెత్తుకు వచ్చారంటే అదొక్కటే వచ్చింది. ఆ సంగతి అది పోయాక గాని ఆయనకు తట్టలేదు.

భార్య వచ్చి చూసింది. ఏమైనా అంటుందని ఎదురుచూశాడు. ఆవిడ లోపలికి వెళ్ళి టీ కలిపి తెచ్చి ఇచ్చింది. దెప్పుడు లేని టీ ఆయన తాగడం అదే మొదటిసారి.

“గూట్లో ఉంటే బతికేది” అన్నాడాయన.

“ఉండాలంటే దానికి ఎక్కడం రావాలి కదండీ” అంది. అదీ మెల్లగానే.

దుఃఖంలో మనిషి వివేకం నేర్చుకుంటాడంటారు. కండక్టరు ఫుట్‌బోర్డు ఎత్తు తగ్గించి ఉంటే ఆ మాట నిజమయ్యేది. ఆయన తలుపు మీద పడ్డాడు. ముంగిస రాకూడదు, పిల్లి రాకూడదు, కోడి లోపలికి పోతే మళ్ళీ బయటికి రాకూడదు. ఇనుపసామాను కొట్టుకు పోయి బలమైన స్ప్రింగు ఒకటి, బస్సు డిక్కీకి ఉండే గడియ ఒకటి తెచ్చాడు. గడియ తీసి తోస్తే తలుపు లోపలికి తెరుచుకుంటుంది. వదలగానే దానంతటది వచ్చి మూసుకుంటుంది. మూసుకోగానే గడియ దానంతటది పడుతుంది. గడియ బయటివైపు ఉంటుంది. మూయడానికి చేత్తో పని లేదు, మనిషి కాపలా అవసరం లేదు. పదిసార్లు గడియ తీసి, తోసి చూసుకున్నాడు. ప్రతిసారీ టక్కుమని పడింది. ఆ చప్పుడు ఆయనకు ఎంత నచ్చిందంటే, భార్యను మిషను మీద నుంచి లేపి తీసుకొచ్చి వినిపించాడు.

“బాగానే ఉంది. లోపలి నుంచి ఎలా తీస్తారు?” అంది ఆవిడ.

“లోపలి నుంచి తియ్యడానికి లోపల ఎవరుంటారు?” అన్నాడు.

మర్నాడు పొద్దుటిపూట ఆవిడ గుండీలు, దారపు ఉండలు తేవడానికి బజారుకు వెళ్ళింది. కండక్టరు ఫోను వంటింటి గట్టు మీద పెట్టి, గింజల డబ్బా పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. చూస్తే పెద్దావిడ కనిపించలేదు. వంగి గూటి చువ్వల్లోంచి తొంగిచూశాడు. అదిగో, బీరువా వెనక మూలలో, గడ్డి మీద ఒళ్ళంతా ఉబ్బించుకుని కూర్చుని ఉంది పెద్దావిడ. తలుపుకింద సందు మిగిలితే అందులోంచి దూరినట్టుంది. ఆ సందు ముంగిసకు చాలదని ఆయన కట్టిన లెక్క. ఇంత లావు కోడి పట్టిందంటే ముంగిస సంగతి చెప్పక్కర్లేదు. ఆ లెక్క తప్పిన సంగతి ఆయనకు ఆ క్షణాన పట్టలేదు. కోడి గూట్లోకి వెళ్ళింది, అది చాలు.

గుడ్డు పెట్టిందేమో చూడాలనిపించింది. చెయ్యి చాపితే అందలేదు. గడియ తీసి, తలుపు తోసి తల పెట్టాడు. భుజాలు పెట్టాడు. బీరువాలో మనిషి పట్టేంత చోటుంది కదా అని మోకాళ్ళ మీద పాకుతూ లోపలికి జరిగాడు. కాళ్ళు కూడా లోపలికి లాక్కున్నాడు.

టక్కుమంది.

ముందు ఆయనకు ఆ చప్పుడు విని గర్వమే కలిగింది. తరవాత అర్థమైంది.

తలుపు లాగాడు. గోళ్ళు నొచ్చాయి. తన్నాడు. గడియ ఎంత బాగా బిగించాడో తెలిసింది. జీవితంలో ఆయన చేతి పని గట్టిగా నిలబడింది ఒక్కసారే, అదీ ఇప్పుడే. లేవబోతే రేకు తలకు తగిలింది. ఎండకు రేకు వేడెక్కుతోంది. తిరగబోతే పెద్దావిడ మోచేతి మీద పొడిచింది. దాని సీటు దగ్గరికి ఎవరూ రాకూడదు. బయట ఇన్‌స్పెక్టరు, పుంజు వచ్చి చువ్వల్లోంచి ఆయన్ని చూస్తూ నిలబడ్డాయి. ఇన్‌స్పెక్టరు ఒకసారి చువ్వను పొడిచి చూసి, అంతా సరిగ్గానే ఉందన్నట్టు వెళ్ళిపోయింది.

“ఎవరైనా ఉన్నారా?” అని అరిచాడు.

గోడ అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. వకీలు ఇంట్లోనే ఉన్నాడు. ప్రాణం లేచి వచ్చింది.

“వకీలుగారూ! ఓ వకీలుగారూ!”

జవాబు లేదు. కాగితం తిప్పిన చప్పుడు మాత్రం వినబడింది. గొంతు బొంగురుపోయేదాకా అరిచాడు. చివరికి గోడ మీద వకీలు తల కనిపించింది, చదివే కళ్ళద్దాలతో.

“నన్నే పిలుస్తున్నారా?”

“ఇందాకటి నుంచీ పిలుస్తున్నానండీ!”

“విన్నాను. మీవైపు నుంచి ఎవరు గొంతు చించుకున్నా విననట్టు ఉండమని మీరే సెలవిచ్చారు. అందుకే ఆలోచిస్తూ కూర్చున్నాను.”

“తప్పయిపోయింది సార్. గోడ దూకి వచ్చి ఈ గడియ తియ్యండి.”

“మీ ఆవరణలోకి మీ అనుమతి లేకుండా అడుగుపెట్టడం భావ్యం కాదు.”

“నేనే కదండీ అనుమతి ఇస్తున్నాను!”

వకీలు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “మీరు ప్రస్తుతం నిర్బంధంలో ఉన్నారు. నిర్బంధంలో ఉన్న మనిషి ఇచ్చిన అనుమతి చెల్లుతుందా అన్నది ఒక ప్రశ్న. పైగా నాకు మోకాళ్ళ నొప్పులు. గోడ దూకలేను.”

“ముందు గేటు నుంచి రండి.”

“తాను లేనప్పుడు మీరు ఎవరినీ వరసలో నిలబెట్టకుండా కాబోలు, తాళం వేసి వెళ్ళారు మీ ఆవిడ. నేను చూశాను.” ఆయన ఫోను బయటికి తీశాడు. “ఎవరికైనా చెయ్యమంటే చేస్తాను. నంబరు చెప్పండి.”

అక్కడ వచ్చింది చిక్కు. భార్య నంబరు ఆయనకు నోటికి రాదు. ఫోనులో ఆవిడ పేరు నొక్కడమే తెలుసు. తమ్ముడిదీ రాదు, చెల్లెలిదీ రాదు. తల బద్దలు కొట్టుకుంటే ఒక్క నంబరే గుర్తొచ్చింది. ఎన్ని ఏళ్ళో తెల్లవారకముందే లేచి, ‘బయల్దేరావా’ అని అడగడానికి తిప్పిన నంబరు అది. దాన్ని మర్చిపోదామని ఏడాదిగా చూస్తున్నాడు. కుదరలేదు.

కాసేపు పెద్దావిడ వంక చూశాడు. రేకు వంక చూశాడు. నంబరు చెప్పాడు.

వకీలు ఫోను చెవి దగ్గర పెట్టుకుని వివరించాడు. “మీ మిత్రులు ఒకరు తమ సొంత నిర్మాణంలో చిక్కుకున్నారు. అవును. కోళ్ళగూడు. కాదు, కోళ్ళు బయటే ఉన్నాయి, ఒకటి తప్ప.”

స్కూటరు చప్పుడు వెంటనే వినబడింది. డ్రైవరు ప్రహరీ పక్కన స్కూటరు ఆపి, దాని సీటు మీద నిలబడి గోడెక్కి దూకాడు. ఆ వయసులో అంత అవసరం లేదు. కానీ చూడాలన్న ఆత్రం అలాంటిది. చేతిలో స్పానరు ఉంది. వచ్చినవాడు వచ్చినట్టు గడియ తియ్యకుండా గూటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. ఫుట్‌బోర్డును కాలితో తట్టాడు. ఇటుక చూశాడు.

“తియ్యరా” అన్నాడు లోపలి నుంచి కండక్టరు.

“ఎవరు మాట్లాడేది?”

“నా గొంతు తెలీదట్రా నీకు?”

“తెలుసనుకునే ఒకసారి మోసపోయాను. ఇప్పుడు మనిషిని చూస్తే గాని నమ్మను.”

కండక్టరు పాక్కుంటూ వచ్చి చువ్వలకు మొహం ఆనించాడు. జుట్టు నిండా గడ్డి ఉంది. చెవి దగ్గర కోడి రెట్ట కూడా ఉంది. డ్రైవరు ఆ మొహాన్ని చాలాసేపు చూశాడు. ఏడాదిగా చూడని మొహం కదా. ఆయన గడ్డం కింద ఏదో కదిలింది, నవ్వో మరొకటో. పళ్ళు బిగించి ఆపుకున్నాడు.

“నువ్వే” అని ఒప్పుకున్నాడు.

గడియ లాగితే రాలేదు. కండక్టరు తన్నిన తన్నుకు లోపల వంగిపోయింది. డ్రైవరు స్పానరు పట్టుకుని వెనక పలక నట్లు విప్పడం మొదలుపెట్టాడు. విప్పుతూనే మాట్లాడాడు.

“గూటికి తలుపు నేలకు దగ్గరగా పెట్టాలి. కోడి నడుస్తూ లోపలికి పోవాలి. పడుకోడానికి లోపల అడ్డకర్ర ఉండాలి. ఇందులో అడ్డకర్ర ఏదిరా?”

“పట్టుకోడానికి పైన కడ్డీ పెట్టాను.”

“కోళ్ళు నిలబడి ప్రయాణం చెయ్యవురా.”

“ఇన్ని తెలిసినవాడివి రోజూ ఇంటి ముందు నుంచే పోతూ ఒక్క ముక్క చెప్పావా?”

“చెబుదామనే నెమ్మది చేసేవాణ్ణి. నువ్వు సుత్తి గట్టిగా వేసేవాడివి. ఆ చప్పుడులో ఎవరు చెబుతారు?”

“ఆ రోజు మాత్రం బస్సు నెమ్మది చెయ్యలేదు.”

“అద్దంలో చూశాను. నువ్వు కనబడలేదు.”

“పరుపు అడ్డం ఉంది!”

“అదే నేనూ చెబుతున్నాను. పరుపు అడ్డం ఉంది.”

డ్రైవరు చేతిలో స్పానరు ఆగింది. ఏడాది పాటు మోసిన కోపానికి ఇద్దరూ చెబుతున్న కారణం ఒకటేనని గోడ మీద నుంచి వింటున్న వకీలుకు ముందే అర్థమైంది. కానీ అడగకుండా సలహా ఇవ్వడం ఆయన వృత్తిధర్మం కాదు.

పలక ఊడివచ్చింది. కండక్టరు వెనక నుంచి కాళ్ళు ముందుగా బయటికి జారాడు. నడుం పట్టేసి వెంటనే నిలబడలేకపోతే డ్రైవరు చంకలో చెయ్యి వేసి లేపాడు. వేసిన చెయ్యి కాసేపు అక్కడే ఉంచాడు. అప్పుడే గేటు తెరుచుకుని భార్య గుండీల పొట్లంతో లోపలికి వచ్చింది. ఒంటి నిండా గడ్డితో భర్తనీ, చేతిలో స్పానరుతో డ్రైవరునీ, గోడ మీద వకీలు తలనీ, వెనకపలక లేని గూటినీ ఒక్కొక్కటే చూసింది.

“కోడి లోపలే ఉందా?” అని అడిగింది.

“ఉంది.”

“అయితే గూడు పనిచేస్తున్నట్టే” అని, డ్రైవరు వైపు తిరిగి, “అన్నయ్యా, ఇన్నాళ్ళకు దారి తెలిసిందా మా ఇంటికి? భోంచేసి వెళ్ళండి” అంది.

డ్రైవరు భోంచేసి వెళ్ళాడు. మర్నాడు వచ్చాడు. ఆ తరవాత రోజూ వచ్చాడు. చావు తప్పి కన్ను లొట్టబోయినట్టు బయటపడ్డాక, కండక్టరుకు నడుం చాలా రోజులు నొచ్చింది. ఆ నొప్పి సాకుతో ఆయన కుర్చీలో కూర్చుని చెబుతుంటే డ్రైవరు రెండో గూడు కట్టాడు. కండక్టరు చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకంగా కట్టాడు కాబట్టి అది బాగా వచ్చింది. తలుపు నేలకు ఆనుకుని ఉంది. లోపల అడ్డకర్రలు ఉన్నాయి. గడియ మామూలు గడియ. సందులన్నిటికీ సన్నని జాలీ కొట్టారు. పొద్దు వాలగానే కోళ్ళు ఎవరూ పిలవకుండానే వరసగా నడిచి లోపలికి పోవడం మొదలుపెట్టాయి. ఆ సమయానికి కండక్టరు తలుపు పక్కన నిలబడి చెయ్యి ఊపుతూ ఉంటాడు. చూసేవాళ్ళకు ఆయన చెబితేనే పోతున్నట్టు ఉంటుంది. కోళ్ళు కూడా ఆ విషయంలో ఏమీ అనవు.

పుంజు తగువు మాత్రం ఒక కొలిక్కి రాలేదు. రాత్రిపూట దాన్ని గంప కింద కమ్మితే తెల్లవారినట్టు తెలియదు, కూయదు అన్నాడు డ్రైవరు. గంప కింద కూడా అది కూసింది, కాకపోతే కుండలో నుంచి వచ్చినట్టు. వకీలు రెండు నెలలు ఓర్చుకుని, చివరికి తన మంచాన్ని వీధివైపు గదిలోకి మార్చుకున్నాడు. అటువైపు తెల్లవారుజామున బస్సులు పోతాయి. వాటి మీద ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో ఆయన ఇంకా పరిశీలిస్తున్నాడు.

పెద్దావిడ ఆ బీరువాలోనే గుడ్లు పొదిగింది. బీరువాను కదిలించడానికి ఒప్పుకోలేదు, దగ్గరికెళ్తే పొడిచేది. చివరికి పాత గూటిని అలాగే ఉంచి, వెనకపలక బదులు ఒక గోనె వేలాడదీశారు. ఒక పొద్దున ఆ గోనె కిందనుంచి పసుపుపచ్చగా, గోధుమరంగుగా పిల్లలు బయటికి వచ్చాయి. కండక్టరు వంగి వాటిని చూశాడు. అందులో చిన్నది ఒకటి తడబడుతూ ఆయన చెప్పు మీదికి ఎక్కి, దిగడం చేతకాక అక్కడే కూర్చుంది. అది దిగేదాకా ఆయన కాలు కదపలేదు. భార్య కిటికీలోంచి చూసి మిషను ఆపింది. తరవాత మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది.

ఇప్పుడు రోజూ పొద్దున ఇద్దరూ పెరట్లో కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. పిల్లల్లో ఎర్రమచ్చ ఉన్నది పుంజు అవుతుందని కండక్టరు అంటాడు. కాదు, పెట్టే అవుతుందని డ్రైవరు అంటాడు. కాళ్ళు చూడమంటాడు ఒకడు, తోక చూడమంటాడు ఒకడు. మొదటి పుంజు కూతను దగ్గు అనుకున్న మనిషితో తనకు వాదనేమిటని డ్రైవరు లేచి వెళ్ళిపోతాడు. మధ్యాహ్నం తవుడు సంచీ తీసుకుని మళ్ళీ వస్తాడు. పిల్లల్లో ఏది ఏమిటో తేలడానికి ఇంకా చాలా వారాలు పడుతుంది.